లచ్చవ్వ చేతి పైసలు

ఉదయం ఏడు దాటింది. తార్నాకలో రాజలింగం టిఫిన్ సెంటర్ షట్టర్ ఇంకా లేవలేదు.

తొమ్మిదేళ్ళలో ఇలా జరగడం ఇది రెండోసారి. మొదటిసారి కరోనాకు ప్రభుత్వం మూయించింది. ఈసారి రాజలింగం తనంతట తనే మూసుకుని కూర్చున్నాడు.

బయట హాస్టల్ పిల్లలు షట్టర్ మీద తట్టారు. "అంకుల్, ఇడ్లీ ఉన్నదా?" అని ఒకడు గట్టిగా అడిగాడు. జవాబు రాకపోయేసరికి పక్క సందులో బండి దగ్గరికి పోయారు.

దుకాణం వెనకే రెండు గదుల ఇల్లు. రాజలింగం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఒళ్ళో లామినేషన్ చేయించిన చిన్న అట్ట ఉంది. దాని మీద క్యూఆర్ కోడ్ ఉంది గానీ పేరు లేదు. నిన్న సాయంత్రం నుంచి ఆయన దాన్ని వదల్లేదు. అన్నం తినేటప్పుడు కూడా కంచం పక్కనే పెట్టుకున్నాడు.

"ఎన్నొద్దుల సంది నడుస్తున్నదే ఈ నాటకం?" అన్నాడు.

లచ్చవ్వ గ్రైండర్ కడుగుతోంది. వెనక్కి తిరగలేదు.

"నిన్నే అడుగుతున్న."

"ఎనిమిది నెలలైతది."

"ఎనిమిది నెలలా!"

"ఎక్కువ తక్కువ ఉంటే ఉండచ్చు. రాసి పెట్టుకోలే."

కొడుకు కమలాకర్ భుజం మీద తువ్వాలుతో గుమ్మంలో నిలబడ్డాడు. ముప్పై రెండేళ్ళవాడు. గ్రూప్స్ పరీక్షలకు కోచింగ్ తీసుకోవడం అతని ఉద్యోగం. గొడవల్లో ఏదో ఒక పక్షం తీసుకోవడం అతనికి చేతకాదు.

"బాపూ, ముందుగాల దుకాణం తీద్దాం. పిండి పులుస్తది" అన్నాడు.

"పులవనీ."

"గిరాకీ పోతది."

"పోనీ. ఆ గిరాకీతోనే నా ఇజ్జత్ పోయింది నిన్న."

నిన్న ఏం జరిగిందో ఈ ముగ్గురికీ తెలుసు కాబట్టి మళ్ళీ చెప్పుకోరు. మనం చెప్పుకుందాం.

రాజలింగం ఇరవై ఎనిమిదేళ్ళు యూనివర్సిటీ హాస్టల్ మెస్‌లో వంట చేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ రోజూ సాయంత్రం నాలుగింటికి క్యాంపస్‌కు పోతాడు. పాత మెస్‌వాళ్ళతో చెట్టు కింద బెంచీ మీద కూర్చుని ఆరింటికి వస్తాడు. ఆ రెండు గంటలూ మిరపకాయ బజ్జీల బేరం లచ్చవ్వది. నిన్న వాన పడి ఆయన ఐదింటికే వచ్చేశాడు. లచ్చవ్వ శెనగపిండికి లోపలికి పోయి ఉంది. ఆయన కౌంటర్‌లో కూర్చున్నాడు.

నాలుగు బజ్జీలు తిన్న ఒక పిల్లవాడు ఫోన్ పెట్టి స్కాన్ చేసి, "కరుణ అని వస్తుంది అంకుల్, కరెక్టేనా?" అన్నాడు.

పైసలు కొట్టేవాడు పేరు చదవడం, పుచ్చుకునేవాడు అవుననడం ఇప్పుడు ఊరంతా ఉన్న పద్ధతే. రాజలింగం ఆ ప్రశ్న రోజుకు రెండువందలసార్లు వింటాడు. అసలు వినడు, జవాబు మాత్రం చెబుతాడు. నిన్న కూడా అలాగే, "ఆ, కరెక్టే, కొట్టు బిడ్డా" అన్నాడు.

పిల్లవాడు కొట్టాడు, పోయాడు. కౌంటర్ మీదున్న మాట్లాడే డబ్బా మాత్రం నోరు విప్పలేదు. నలభై రూపాయలు వస్తే వచ్చాయని అరవాలి కదా. డబ్బా పాడైందేమో అని ఆయన దాన్ని రెండుసార్లు తట్టాడు. అప్పుడు గుర్తొచ్చింది, తను దేనికి కరెక్టే అన్నాడో.

కరుణ ఆయన కూతురు. మూడేళ్ళ కింద తనతోపాటు పీహెచ్‌డీ చేస్తున్న దిలీప్‌ను పెళ్ళి చేసుకుంది. దిలీప్ వాళ్ళు జనగామ వైపు క్రైస్తవులు. వారాసిగూడలో కాపురం. పెళ్ళి సంగతి తెలిసిన రోజే రాజలింగం ఈ ఇంట్లో ఆమె పేరు ఎవరూ ఎత్తకూడదని చెప్పేశాడు. ఎవరూ ఎత్తలేదు. చివరికి ఆ పేరు కరెక్టేనని దుకాణంలో కూర్చుని ఒప్పుకున్నది ఆయనే. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఆయనకు ఒళ్ళు మండిపోతోంది.

"నా కండ్లల్ల కారం కొట్టి ఆమెకు దోచిపెడుతున్నవ్" అన్నాడు.

"దోచిపెట్టెటంత ఏమున్నది నీ ఇంట్ల?"

"నేను అటు పోంగనే ఈ అట్ట బయట పెట్టుడు, నేను వచ్చె యాళ్ళకు పేపర్ల కింద దాసుడు. ఇది దొంగతనం కాదా?"

"బజ్జీలు ఎవరు చేసిన్రు?"

"ఏంది?"

"మిరపకాయలు ఎవరు చీరిన్రు, పిండి ఎవరు కలిపిన్రు, పొయ్యి కాడ ఎవరు నిలవడ్డరు? నా పని పైసలు నేను తీసుకుంటే దొంగతనం ఎట్లయితది?"

రాజలింగం కొడుకు వైపు చూశాడు. కమలాకర్ తువ్వాలు సర్దుకున్నాడు.

"అడిగితే నేను ఇయ్యకపోదునా?" అన్నాడు రాజలింగం, ఈసారి కొంచెం గొంతు తగ్గించి.

లచ్చవ్వ చేతులు కొంగుకు తుడుచుకుని ఇటు తిరిగింది.

"అడిగిన. ఒక్కసారి కాదు, మస్తుసార్లు అడిగిన. 'దేనికో చెప్పు, కొడత' అన్నవ్."

"అండ్ల తప్పేమున్నది?"

"పక్కింటి రాములవ్వకు జరమొస్తె ఐదునూర్లు ఇద్దామన్న. ఆమె కొడుకు లేడా అన్నవ్. మా చెల్లె వచ్చి పోతుంటే చేతుల పెడదామన్న. మొన్ననే పెట్టినవ్ గద అన్నవ్. గాజులు కొంటనన్న. చేతికున్నయి ఏమైనయన్నవ్."

"ఊకె అడిగిన. వద్దన్ననా?"

"వద్దనలే. అడిగినవ్. గంతే."

రాజలింగానికి ఇది బొత్తిగా అర్థం కాలేదు. మొగుడు పెళ్ళాన్ని దేనికే అని అడగడం కూడా నేరమేనా?

లచ్చవ్వ మాట్లాడింది. నిన్నటి నుంచి ఆమె ఇంతసేపు మాట్లాడటం ఇదే మొదటిసారి.

"దుకాణం పెట్టిన కొత్తల గల్లా నిండ నోట్లుండె. పొద్దుమూకినంక నేను వందో యాభయ్యో తీసి బొడ్ల చెక్కుకుంటుంటి. నువ్వు చూస్తుంటివి. చూడనట్టు అటు మొఖం తిప్పుతుంటివి. ఏనాడన్న నోరు తెరిచినవా?"

"అప్పుడు అడగలే."

"గప్పుడు నువ్వు మంచోనివే. ఇప్పుడూ మంచోనివే. గల్లానే ఖాళీ అయింది. ఒక్క నోటన్న వస్తున్నదా? అన్ని టింగు టింగుమని నీ ఫోన్ల పడుతున్నయ్. ఫోను నీ అంగి జేబుల ఉంటది. పది రూపాయలు కావాల్నన్నా నీ మొఖం చూడాలె నేను."

గల్లా సంగతి నిజమే. దానికి తాళం వేయడం మానేసి రెండేళ్ళయింది. ఇప్పుడందులో అగరొత్తుల ప్యాకెట్టు, రబ్బరు బ్యాండ్లు, ఎవరూ పుచ్చుకోని చినిగిన పది నోటు ఉన్నాయి.

"అమ్మా, నాకు చెప్తే నేను కొడ్తుంటి గద" అన్నాడు కమలాకర్.

"నువ్వా? చీపురు కొంటే ఎంతకు తెచ్చినవే అని అడిగినోనివి."

కమలాకర్ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"అయితే బిడ్డె కోసం కాదా?" అన్నాడు రాజలింగం.

"బిడ్డె కోసమని నువ్వనుకున్నవ్. నేననలే."

"అబద్ధాలు చెప్పకు. అట్ట ఎవరిది? పేరెవరిది?"

లచ్చవ్వ చెప్పాల్సింది చెప్పేశానన్నట్టు గ్రైండర్ మీద మూత పెట్టింది.

 షట్టర్ కింది సందులోంచి రోడ్డు మీది ఆటోల చప్పుడు వస్తోంది. పిండి గిన్నె మీది గుడ్డ మెల్లగా ఉబ్బుతోంది. దాన్ని ముగ్గురూ చూశారు, ఎవరూ లేవలేదు.

తొమ్మిదిన్నరకు రాజలింగం లేచి అంగీ తొడుక్కున్నాడు.

"ఏడికి బాపూ?"

"క్యాంపస్‌కు. ఎన్ని మింగిందో ఆమెనే అడుగుత."

"ఆడ అందరి ముంగట లొల్లి చెయ్యకు."

"నేనే చేస్తనారా లొల్లి? నేను?" అని అరిచి, అట్ట జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

కమలాకర్ వెంటనే ఫోన్ తీసి చెల్లెలికి సంగతి చెప్పాడు. పెట్టేసి చూస్తే లచ్చవ్వ బీరువా ముందు నిలబడి ఉంది. ఆధార్ కార్డు, రెండు ఫొటోలు ఉన్న ప్లాస్టిక్ కవర్ చేతిలో ఉంది.

"నువ్వేడికే?"

"షట్టర్ తియ్యి. దోసెలన్న పోసి అమ్ము, పిండి ఆగమైతది" అంది లచ్చవ్వ. చెప్పులు వేసుకుని ఆమె కూడా బయటికి నడిచింది.

*

రాజలింగానికి క్యాంపస్‌లో దారులన్నీ మెస్సుల లెక్కన తెలుసు. ఈ మలుపులో పాత హాస్టల్ మెస్, ఆ మలుపులో తను ఒకసారి పప్పు మాడ్చిన కృష్ణ మెస్. కరుణ చదువుకునే లైబ్రరీ ఎక్కడో తెలుసుగానీ ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ లోపలికి పోలేదు. ఈసారి కూడా పోవలసిన పని పడలేదు. కరుణ బయటే నిలబడి ఉంది.

ఆయన పది అడుగుల దూరంలో ఆగాడు. దారి పొడుగునా తిట్లు కూర్చుకుంటూ వచ్చాడు. మొదటిది ఏదో గుర్తు రాలేదు.

"కూసో బాపూ" అంది కరుణ, అరుగు చూపించి.

"కూసునెటందుకు రాలే."

"చాయ్ తాగుతవా?"

"వద్దు."

జేబులోంచి అట్ట తీసి అరుగు మీద వేశాడు. "ఇది నీదేనా?"

"నాదే. నేనే ప్రింటు తీసి ఇచ్చిన."

"ఎన్ని మింగినవ్?"

"ఒక్క రూపాయి ముట్టలే."

"మల్ల అబద్ధం! తల్లీబిడ్డలు ఇద్దరూ ఒక్కటే."

"అబద్ధమెందుకు చెప్త? అమ్మ పైసలకని వేరే ఖాతా తెరిచిన. నా స్టైపెండు అండ్ల పడదు, దిలీప్‌కు దాని పాస్‌వర్డు తెల్వది. వచ్చినయి వచ్చినట్టే ఉన్నయ్. చూడు."

ఫోన్ ముందుకు చాపింది. రాజలింగం చూడలేదు.

"అమ్మకని రెండుసార్లే తీసిన. అమ్మ కూరగాయలకు వచ్చినప్పుడు మెట్రో కింద కలిసి నోట్లు ఇచ్చిన" అంది కరుణ.

"దేనికి?"

"నేను అడగలే."

"అడగకుండనే ఇచ్చినవా?"

"ఆమె పైసలు ఆమెకిచ్చెటందుకు నేను అడుగుడేంది బాపూ?"

లైబ్రరీలోకి పోతున్న ఇద్దరు పిల్లలు కరుణను పలకరించారు. ఆమె తలూపింది. వాళ్ళు రాజలింగాన్ని గుర్తుపట్టి, "అంకుల్, ఇయ్యాల బంద్ పెట్టిన్రేంది?" అన్నారు. ఆయన అటు చూడలేదు. వాళ్ళు పోయేదాకా ఆగాడు.

అప్పుడు కూర్చున్నాడు.

ఆయనకు భయం వేసింది. ఇన్నాళ్ళూ కూతురు మీద కోపంతో బతకడం అలవాటైంది, ఆ కోపానికి ఒక కారణం ఉంది, ఊళ్ళో నలుగురికి చెప్పుకుంటే అవునంటారు. కూతురికి తల్లి చాటుగా పెడుతోందన్నా అంతే, ఏ ఇంట్లోనైనా ఉన్నదే. కానీ పెళ్ళాం మొగుడికే తెలియకుండా దాచుకుంటోందంటే ఎవరికి చెప్పుకోవాలి? ఏమని చెప్పుకోవాలి?

"నా కాడ దాసెటంత నేనేం జేసిన?" అన్నాడు. 

కరుణ కొంచెం దూరంగా కూర్చుంది.

"ఏం జెయ్యలే. ఏనాడూ కొట్టలే, తాగి రాలే. నాకు తెల్వదా?"

"మల్ల?"

"ఇంట్ల అమ్మకు తెల్వకుండ నీ దగ్గర పైసలుంటయా, ఉండయా?"

"నా పైసలు నేను..." అని ఆగిపోయాడు.

"ఆమెకు అట్ల ఏడున్నయి బాపూ? బ్యాంకుల ఉన్న ఖాతా ఇద్దరి పేరు మీద. రూపాయి కదిలితే మెసేజ్ నీకే వస్తది. చిన్నప్పుడు మేం పెన్సిల్ అడిగితే అమ్మ బొడ్లకెల్లి తీసి ఇస్తుండె. ఇప్పుడు ఆ బొడ్ల ఏం లేదు."

రాజలింగం నేల చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి ఆయనలో పాత పట్టుదల మళ్ళీ లేచింది.

"ఆ ఖాతాల ఉన్నయన్ని నాకు పంపు."

"అమ్మ చెప్తే పంపుత."

"నేను చెప్తున్న."

"నువ్వు చెప్తే కాదు."

"నీ బాపును నేను!"

"అవును. మూడేండ్లయింది ఆ మాట ఇని" అంది కరుణ. కళ్ళు తుడుచుకోలేదు, అవి నిండినట్టు కనబడుతూనే ఉన్నాయి.

ఆయన ఆమె వైపు ఇప్పుడు సరిగ్గా చూశాడు. చిక్కిపోయింది. మణికట్టు ఎముక బయటికి వచ్చింది. మూడొందల మందికి ఏళ్ళ తరబడి వండి పెట్టిన మనిషి చూపు ముందు అక్కడికే పోయింది.

"పొద్దుగాల ఏం తిన్నవ్?"

"తినలే. నువ్వొస్తున్నవని అన్న ఫోన్ చేసిండు. తినబుద్ధి కాలే."

"ఒట్టి కడుపుతోని చదివితే ఏం ఎక్కుతది?" అన్నాడు విసుగ్గా. ఆ విసుగు మూడేళ్ళ కిందటిదే, ఏమీ మారలేదు.

కరుణ నవ్వబోయి ఆగింది. సరిగ్గా అప్పుడు ఆయన జేబులో ఫోన్ కిచకిచమంది. తీసి చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూశాడు. కోపంలో కళ్ళజోడు ఇంట్లోనే మరిచిపోయాడు. ఏవో అంకెలు ఉన్నాయని మాత్రం తెలుస్తోంది.

"ఎవడో దొంగోడు. ఓటీపీలు పంపుతున్నడు" అన్నాడు.

ఫోన్ మళ్ళీ లోపల పెట్టేలోపు మోగింది. తెలియని నంబరు. ఇలాంటివాళ్ళను రెండు తిట్లు తిట్టడం ఆయనకు సరదా. ఎత్తాడు.

"ఎవడ్రా?"

"నేనే" అంది లచ్చవ్వ.

లచ్చవ్వకు ఫోన్ లేదు. ఇల్లూ దుకాణం ఒకటే అయినప్పుడు ఫోనెందుకని రాజలింగం కొననివ్వలేదు. అయితే దుకాణం బోర్డు మీద రాసి ఉన్న మొగుడి నంబరు మాత్రం ఆమెకు కంఠతా వచ్చు.

"ఎవరి ఫోన్ ఇది?"

"బ్యాంకు మేడంది."

"బ్యాంకుల నీకేం పని?"

"ఖాతా తెరుస్తున్న. నా ఒక్కదాని పేరు మీద."

 కరుణ దగ్గరికి జరిగింది. ఫోన్లోంచి తల్లి గొంతు ఆమెకూ వినబడుతోంది.

"నిన్న ఎట్లనో బయటపడ్డది గద. ఇగ దాసుకునుడెందుకు అని సక్కగ ఈడికే వచ్చిన" అంది లచ్చవ్వ. "వేలు పెట్టమన్నరు. పెట్టిన. మిషిన్ల పడుతలేదు. పది వేళ్ళూ పెట్టిచ్చిన్రు. గీతలు అరిగిపోయినయంట. పిండి రుబ్బి, గిన్నెలు తోమి, ఒక్క వేలుకన్న గీత లేదంటున్నది మేడం."

"అయితే?"

"ఆధార్‌కు నీ నంబరు ఇచ్చి ఉంటివంట. నీ ఫోన్‌కు ఆరు అంకెలు వచ్చినయంట. అవి చెప్తెనే నేను నేనైనట్టంట. చెప్పు."

వెనక నుంచి ఎవరో ఆడమనిషి గొంతు వినబడింది. "అమ్మా, జల్దీ చెప్పమనండి. ఐదు నిమిషాలే ఉంటది. వెనక లైన్ ఉన్నది."

రాజలింగం ఫోన్ చెవి దగ్గర నుంచి తీసి తెర వైపు చూశాడు. ఎంత దూరం పెట్టినా అంకెలు అలుక్కుపోయినట్టే ఉన్నాయి.

ఎందుకే ఇదంతా అని అడగాలని ఉంది ఆయనకు. ఇంటికి రా, మాట్లాడుకుందాం అనాలని ఉంది. నన్ను వదిలి పోతవా అని కూడా అడగాలని ఉంది. అన్నిటికన్నా ఎక్కువగా అడగాలనుకున్నది అదే, అది మాత్రం నోటి దాకా కూడా రాలేదు.

"ఇటియ్యి బాపూ, నేను చదువుత" అంది కరుణ, చెయ్యి చాపి.

రాజలింగం ఫోన్ ఇవ్వలేదు. జేబులోనూ పెట్టుకోలేదు. రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

"ఉన్నవా?" అంది లచ్చవ్వ.

"ఉన్న."

"నాలుగు నిమిషాలే మిగిలినయంట. బతిమాలుతలేను. చెప్తవో చెప్పవో ఒక్క మాట అను, మేడం అడుగుతున్నది."